గణాలు కుదిరితే పద్యమైపోతుందా?

(కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది. బోర్డు మీద వేసినవాటిని మాటల్లోకి మార్చాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలదాకా వినిపిస్తోందా? సరే.

ఒక పద్యపాదంతో మొదలుపెడతాను. కంగారు పడకండి, మీరు సరైన హాలుకే వచ్చారు. ఇవాళ్టి విషయం, వ్యాకరణం చేతికిచ్చి కంప్యూటర్ ప్రోగ్రాముల్ని పరిణామం ద్వారా పుట్టించడం. పాదం నా సొంతం, కాబట్టి బాగాలేదని ధైర్యంగా అనొచ్చు. "పాలు పెరుగు వెన్న పంచదారలడుగు." ఇంట్లో మారాం చేసే పిల్లాడి గురించి అనుకోండి.

బళ్లో గణవిభజన అందరూ చేసినవాళ్లే కదా. చేద్దాం. పాలు: గురువు, లఘువు, అంటే గలం. పెరుగు: మూడు లఘువులు, న గణం. వెన్న: మళ్లీ గలం. పంచదా: గురువు, లఘువు, గురువు, ర గణం. మిగిలింది ర-ల-డు-గు, నాలుగు లఘువులు, నలం. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. మొదటి అక్షరం పా, నాలుగో గణం మొదట్లో పం, యతి కూడా కుదిరింది. ఆటవెలది మొదటి పాదం.

ఇప్పుడు ఆటవెలది నియమాన్ని ప్రోగ్రామర్ రాసినట్టు రాద్దాం. పద్యం అంటే బేసిపాదం, సరిపాదం, బేసిపాదం, సరిపాదం. బేసిపాదం అంటే సూర్య, సూర్య, సూర్య, ఇంద్ర, ఇంద్ర. సరిపాదం అంటే అయిదూ సూర్యగణాలే. సూర్య అంటే న లేదా గలం. ఇంద్ర అంటే నగం, నలం, సలం, భ, ర, త, ఈ ఆరింటిలో ఏదో ఒకటి. న అంటే లఘువు లఘువు లఘువు. మిగతావీ అంతే. ఎడమపక్క ఒక పేరు, కుడిపక్క ఆ పేరును దేనితో మార్చొచ్చో ఒక జాబితా. మార్చుకుంటూ పోగా ఇక మార్చడానికి పేర్లేవీ మిగలకపోతే, మన చేతిలో ఉన్నది ఒక గురులఘువుల వరస.

కంపైలర్లంటే మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేవి; మీ కంపైలర్ల పుస్తకంలో ఉండే కాంటెక్స్ట్ ఫ్రీ గ్రామర్ ఇదే. ఇలా రాసే పద్ధతిని బీఎన్ఎఫ్ అంటారు, బాకస్-నౌర్ ఫారం. జాన్ బాకస్ 1959లో ఆల్గాల్ అనే ప్రోగ్రామింగ్ భాషను వర్ణించడానికి ఈ పద్ధతి తెచ్చాడు, పీటర్ నౌర్ దాన్ని ఆల్గాల్ 60 నివేదికలో సరిదిద్ది వాడాడు. 1967లో పీటర్ ఇంగర్మన్ అనే ఆయన ఏసీఎం అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం పత్రికకు ఉత్తరం రాస్తూ, ఇలాంటి పని పాణిని ఎప్పుడో చేశాడు కాబట్టి దీన్ని పాణిని-బాకస్ ఫారం అనాలన్నాడు. ఆ పేరు నిలవలేదు. నిలవలేదని నాకేమీ బాధ లేదు. దాదాపు 4,000 సూత్రాల అష్టాధ్యాయినీ బీఎన్ఎఫ్‌నూ ఒకే గాటన కడితే నష్టం పాణినికే.

సరే, ఈ వ్యాకరణంతో ప్రోగ్రాములు ఎలా పుడతాయి? అసలు ప్రోగ్రాములు పుట్టడమేంటి?

జెనెటిక్ ఆల్గారిథమ్ మీకు తెలుసు. జాన్ హాలండ్ పుస్తకం 1975లో వచ్చింది. ఒక అయిదొందల జవాబులు ఊరికే అడ్డదిడ్డంగా తయారు చేస్తాం. ప్రతిదానికీ మార్కులు వేస్తాం. మంచి మార్కులొచ్చినవాటిని జతకట్టి, అక్కడక్కడ ఒక బిట్టు మార్చి, తర్వాతి తరం తయారు చేస్తాం. మళ్లీ మార్కులు. యాభై తరాలో వంద తరాలో పోనిస్తాం. జవాబు ఒక అంకెల వరస అయినంతకాలం ఇది హాయిగా నడుస్తుంది. ఆ జవాబే ఒక ప్రోగ్రాము కావాలంటే? మీరు రాసిన సీ ప్రోగ్రాము తీసుకుని, కళ్లు మూసుకుని ఒక అక్షరం మార్చండి. బ్రాకెట్ పోతుంది, లేదా సెమీకోలన్ పోతుంది. చాలాసార్లు కంపైలర్ తిడుతుంది. అన్నింటికీ సున్నా మార్కులొచ్చే క్లాసులో ఫస్ట్ ఎవరో ఎలా తేలుస్తాం?

జాన్ కోజా దీనికి చూపించిన దారి 1992 పుస్తకంలో ఉంది. ప్రోగ్రామును అక్షరాల వరసలా కాకుండా చెట్టులా పట్టుకోమన్నాడు. ఒక చెట్టు కొమ్మ నరికి ఇంకో చెట్టుకు అంటుకట్టొచ్చు. మామిడికి అంటు కట్టినట్టే, చెట్టు చెట్టుగానే ఉంటుంది. అయితే ఒక షరతు. ఏ కొమ్మ ఎక్కడ అంటించినా పనిచెయ్యాలి. అంటే ప్రతి ఫంక్షనూ ఏ విలువ వచ్చినా మింగాలి. సున్నాతో భాగిస్తే? ఒకటి ఇచ్చెయ్యి అన్నాడు. నవ్వకండి, దాన్ని ప్రొటెక్టెడ్ డివిజన్ అంటారు, ఇప్పటికీ వాడుతున్నారు. అంకెలు మాత్రమే ఉన్నచోట ఇది చెల్లుతుంది. ఒకచోట అంకె, ఒకచోట అవును-కాదు, ఒకచోట పేర్ల జాబితా ఉన్న మామూలు ప్రోగ్రాములో చెల్లదు. ఏ కొమ్మ ఎక్కడ అంటాలో చెప్పేవాళ్లు కావాలి. ఆ చెప్పేదే వ్యాకరణం. 1995లో పీటర్ విగమ్ చెట్లను వ్యాకరణం ప్రకారమే పెంచి, ఒకే పేరున్న కొమ్మల్నే ఒకదానితో ఒకటి మార్చే పద్ధతి రాశాడు.

ఇక నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది ఐర్లాండ్ సంగతి. 1998లో లిమరిక్ విశ్వవిద్యాలయం నుంచి కోనర్ రయన్, జేజే కాలిన్స్, మైకేల్ ఓనీల్ ఒక పేపర్ రాశారు. పద్ధతి పేరు గ్రామాటికల్ ఎవల్యూషన్. చెట్టును పరిణామానికి వదలొద్దు, హాలండ్ కాలంనాటి అంకెల వరసనే వదలండి, ఆ అంకెల్ని వ్యాకరణం చదివి ప్రోగ్రాముగా మారుస్తుంది అన్నారు. సీ కావాలంటే సీ వ్యాకరణం పెట్టండి, పైథాన్ కావాలంటే పైథాన్‌ది పెట్టండి. వెతికే యంత్రం మారదు, వ్యాకరణం ఫైలు మారుతుంది.

ఎలా చదువుతుంది? మన ఆటవెలదినే తీసుకుందాం. అంకెల వరస ఇది: 37, 120, 205, 88, 151. ఒక్కొక్క అంకెనూ కోడాన్ అంటారు, ఎనిమిది బిట్లు, 0 నుంచి 255 దాకా. సూర్యగణానికి రెండు దారులు: సున్నా అయితే న, ఒకటి అయితే గలం. ఇంద్రగణానికి ఆరు దారులు: సున్నా నగం, ఒకటి నలం, రెండు సలం, మూడు భ, నాలుగు ర, అయిదు త. కోడాన్‌ను దారుల సంఖ్యతో భాగించి శేషం చూడండి.

మొదటిది సూర్య. 37ను రెండుతో భాగిస్తే శేషం ఒకటి, గలం. 120కి శేషం సున్నా, న. 205కి ఒకటి, గలం. ఇప్పుడు ఇంద్ర, ఆరుతో భాగించాలి. 88కి శేషం నాలుగు, ర. 151కి శేషం ఒకటి, నలం. గలం, న, గలం, ర, నలం. ఎక్కడో విన్నట్టుంది కదూ? "పాలు పెరుగు వెన్న పంచదారలడుగు."

ఇక మ్యుటేషన్ చేద్దాం, అంటే ఒక అంకెను ఊరికే మార్చి చూద్దాం. 88 తీసి 94 పెట్టండి. 94ను ఆరుతో భాగిస్తే శేషం నాలుగే, మళ్లీ ర గణమే. లోపల జన్యువు మారింది, బయట పాదం మారలేదు. 89 పెడితే శేషం అయిదు, త గణం వస్తుంది, పంచదార కుదరదు. రయన్ బృందానికి ఈ గుణం బాగా నచ్చింది, ఎందుకంటే మన శరీరంలోనూ ఇంతే. డీఎన్ఏలో కోడాన్లు 64, అమైనో ఆమ్లాలు 20. జీజీతో మొదలయ్యే నాలుగు కోడాన్లూ గ్లైసిన్‌నే ఇస్తాయి. మూడో అక్షరం మారినా ప్రోటీన్ మారదు.

చిన్న పక్కదారి. 256ను ఆరుతో భాగిస్తే సరిగ్గా పోదు. నగం, నలం, సలం, భ, వీటికి 43 కోడాన్లు చొప్పున వస్తాయి. ర, త గణాలకు 42 చొప్పునే. యంత్రానికి ర గణమంటే రవ్వంత చిన్నచూపు. అంత తేడా ఎవరికీ పట్టదు, అందుకని ఎవరూ సరిచేయరు. కానీ వ్యాకరణం ఎప్పుడూ తటస్థంగా ఉండదని చెప్పడానికి ఇది మంచి మచ్చు. తర్వాత దీనికన్నా పెద్ద పక్షపాతం ఒకటి చూపిస్తాను.

ఆటవెలది చాలా క్రమశిక్షణ ఉన్న వ్యాకరణం. పాదానికి అయిదు గణాలు, అంతే, అక్కడితో ఆగుతుంది. ప్రోగ్రాములు అలా ఆగవు. తొమ్మిదో తరగతి లెక్కల్లోని బీజీయ సమాసాన్ని తీసుకోండి. సమాసం అంటే నాలుగు దారులు: సున్నా అయితే సమాసం ప్లస్ సమాసం, ఒకటి అయితే సమాసం ఇంటూ సమాసం, రెండు అయితే ఎక్స్, మూడు అయితే ఒకటి అనే అంకె. సమాసంలోనే సమాసం ఉంది, గమనించారా? కోడాన్లు 8, 42, 13, 30, 55. నాలుగుతో భాగించండి. శేషాలు సున్నా, రెండు, ఒకటి, రెండు, మూడు. ఎప్పుడూ ఎడమ చివరి పేరునే ముందు విప్పాలి. మొదటిది ప్లస్. దాని ఎడమ చెయ్యి ఎక్స్. కుడి చెయ్యి ఇంటూ, అందులో ఎక్స్, ఒకటి. వచ్చింది: ఎక్స్ ప్లస్, ఎక్స్ ఇంటూ ఒకటి.

చివరి 55ను 54 చెయ్యండి. ఒకటి పోయి ఎక్స్ వస్తుంది, అంటే ఎక్స్ ప్లస్ ఎక్స్ స్క్వేర్. చిన్న మార్పుకు చిన్న ఫలితం. బాగుంది. ఇప్పుడు మొదటి 8ని 10 చెయ్యండి. శేషం రెండు. ఎక్స్. అయిపోయింది! మిగతా నాలుగు కోడాన్లనూ చదివే నాథుడు లేడు. ఒక్క అంకె కదిపితే ఇల్లంతా కూలి ఒక్క గుంజ మిగిలింది.

పద్యం రాసే అలవాటున్నవాళ్లకు ఈ బాధ తెలుసు. "పాలు" అనాల్సిన చోట "పాలును" అన్నారనుకోండి, ఒక్క లఘువే కదా ఎక్కువ. కానీ ఆ లఘువు పక్క గణంలోకి జరుగుతుంది, ఆ గణం చివరిది ఇంకో గణంలోకి జరుగుతుంది, పాదం చివరిదాకా ఏ గణమూ దాని చోట ఉండదు. గ్రామాటికల్ ఎవల్యూషన్‌లో ప్లస్సు, మైనస్సు గుర్తులకు వేరే నియమం పెడితే సరిగ్గా ఇదే జరుగుతుంది. పోయిన తరంలో గుర్తును ఎంచిన కోడాన్, ఈ తరంలో సంఖ్యను ఎంచుతుంది. దీన్ని అలల ప్రభావం అంటారు, రిపుల్ ఎఫెక్ట్. మొదట్లో రయన్ వాళ్లు ఇది కూడా మేలే అన్నారు, వెతుకులాట ఒకేచోట ఇరుక్కోకుండా కదులుతుందని.

అందరూ ఒప్పుకోలేదు. 2006లో రోట్‌లాఫ్, ఓట్జెల్ లెక్కేసి చూస్తే చాలా మ్యుటేషన్లకు ప్రోగ్రాము అసలు మారడం లేదు. మారినప్పుడేమో చాలాసార్లు ఒకేసారి దూరంగా దూకేస్తోంది. తల్లికీ బిడ్డకూ పోలికే లేకపోతే ఇక వంశపారంపర్యం ఎక్కడిది? 2015లో విగమ్ బృందం ఇంకా గట్టిగానే అంది: మామూలు గ్రామాటికల్ ఎవల్యూషన్ పనితీరు చాలాచోట్ల గుడ్డిగా వెతికినట్టే ఉందని. విగమ్‌ది పోటీ పద్ధతి కాబట్టి కాస్త పట్టింపు ఉండొచ్చు అనుకున్నా, ఆ పేపర్ చదివాక నాకు వాళ్ల వాదనే బలంగా అనిపించింది. 2016లో పోర్చుగల్ కోయింబ్రా నుంచి నూనో లోరెన్సో బృందం ఒక మందు కనిపెట్టింది. అన్ని పేర్లకూ కలిపి ఒకే వరస వద్దు, ఒక్కో పేరుకు ఒక్కో వరస పెట్టండి. సూర్యగణాల డబ్బా వేరు, ఇంద్రగణాల డబ్బా వేరు. సూర్యడబ్బాలో ఎంత కదిపినా ఇంద్రడబ్బాలోని అంకె ఇంద్రగణాన్ని వదిలి సూర్యగణాన్ని పట్టుకోదు. సింపుల్ ఆలోచన. నేనిప్పుడు ఎవరికైనా చెప్పాల్సొస్తే ఇదే చెప్తాను.

కోడాన్లు అయిపోయినా ప్రోగ్రాము పూర్తికాకపోతే? మళ్లీ మొదటి కోడాన్ నుంచి చదువుతారు, చుట్టు తిరగడం. కొన్ని చుట్లయ్యాక కూడా తెమలకపోతే దానికి అట్టడుగు మార్కు ఇచ్చి పక్కన పడేస్తారు.

ఇక్కడ నా పరువు తీసుకునే సంగతి ఒకటి చెప్పాలి. మొదటిసారి నేను సొంతంగా రాసినప్పుడు, సమాసానికి నాలుగు గుర్తులూ పెట్టాను: ప్లస్, మైనస్, ఇంటూ, భాగారం. వాటికి ఎక్స్, ఒకటి కలిపి ఆరు దారులు. మొదటి తరం చూస్తే సగం దాకా పూర్తికాని ప్రోగ్రాములే. కోడాన్ల వరస ఎంత పొడుగు పెట్టినా సగమే. బగ్ అనుకుని రెండు రాత్రులు నిద్ర మానేశాను. లూపులు చూశాను, రాండమ్ నంబర్లు చూశాను. బగ్ లేదు. మూడో రోజు ఒక కాగితం తీసుకుని లెక్కేశాను.

మీరూ వేయండి, రెండు లైన్లే. ఒక సమాసం ఎప్పటికైనా ముగిసే అవకాశం క్యూ అనుకోండి. ఆరు దారుల్లో రెండు అక్కడికక్కడే ముగుస్తాయి, అది మూడింట ఒక వంతు. మిగతా నాలుగు దారుల్లో ఒక్కోదానికీ రెండేసి సమాసాలు పుడతాయి, రెండూ ముగియాలి, అంటే మూడింట రెండు వంతులు ఇంటూ క్యూ స్క్వేర్. క్యూ ఈజీక్వల్టు ఆ రెండింటి మొత్తం. వర్గసమీకరణం సాధిస్తే క్యూకు రెండు విలువలొస్తాయి, ఒకటి, అర. ఇలాంటి వంశవృక్షాల లెక్కలో తక్కువదే అసలు జవాబు. అర! నా వ్యాకరణం రాసిన క్షణానే సగం ప్రోగ్రాములు ఎప్పటికీ ముగియవని రాసిపెట్టి ఉంది. మైనస్, భాగారం తీసేస్తే నాలుగుకి రెండు, సరిగ్గా కత్తి అంచు మీద ఉంటుంది: ముగియడం తప్పక ముగుస్తుంది, సగటు పొడుగుకు మాత్రం అంతులేదు. ఆ నాలుగు దారులకు తోడు ఎక్స్, ఒకటి అనేవాటిని ఇంకోసారి జాబితాలో రాస్తే చాలు, పరిస్థితి చక్కబడుతుంది. ఇలాంటివాటిని పేలుడు వ్యాకరణాలు అంటారు. రాబిన్ హార్పర్ 2010లో వీటి మీదే ఒక పేపర్ రాశాడు. నేను ముందే చదివి ఉంటే రెండు రాత్రులు మిగిలేవి. (నవ్వులు)

ఇప్పుడు ఇందాక బాకీపడ్డ పెద్ద పక్షపాతం సంగతి. నేను ఇవాళ వచ్చిందే దీనికోసం.

శాంటా ఫే దారి అని ఒక పరీక్ష ఉంది. 32 గళ్లు ఇంటూ 32 గళ్ల బల్ల. కుడి అంచు దాటితే ఎడమ అంచులో తేలతారు. బల్ల మీద 89 గళ్లలో తిండి గింజలు, ఒక దారిలా పరిచి ఉంటాయి, అక్కడక్కడ తెగి ఉంటుంది ఆ దారి. ఒక చీమ. దానికి తెలిసినవి నాలుగే: ఎడమకు తిరగడం, కుడికి తిరగడం, ముందుకు ఒక గడి నడవడం, ఎదురు గడిలో తిండి ఉందో లేదో చూడడం. ఇన్ని అడుగుల్లో 89 గింజలూ తినే ప్రోగ్రామును పెంచాలి. కోజా పుస్తకంలో ఈ పరీక్ష ఉంది కాబట్టి కొత్త పద్ధతి కనిపెట్టిన ప్రతివాళ్లూ ముందు దీనిమీదే తమ సత్తా చూసుకుంటారు.

గ్రామాటికల్ ఎవల్యూషన్ వాళ్లూ చూసుకున్నారు. కోజా పద్ధతికన్నా మాదే మెరుగు అని ఫలితాలు వేశారు. వాళ్ల వ్యాకరణం ఇలా ఉంటుంది. ప్రోగ్రాము అంటే ఒక లైను, లేదా ప్రోగ్రాము తర్వాత ఇంకో లైను. లైను అంటే ఒక షరతు, లేదా ఒక పని. షరతు అంటే: ఎదురుగా తిండి ఉంటే ఒక లైను, లేకపోతే ఒక లైను. పని అంటే ఎడమ, కుడి, ముందుకు.

నిమిషం ఆగి చూడండి. తేడా కనబడిందా? లేదా? నాకూ మొదటిసారి కనబడలేదు. షరతు లోపల పట్టేది ఒక్క లైను. కోజా చీమకు ఆ కట్టుబాటు లేదు, షరతు లోపల ఎన్ని పనులైనా వరసగా పెట్టుకోవచ్చు: తిండి లేకపోతే ఎడమకు తిరిగి, చూసి, మళ్లీ కుడికి తిరిగి, ఇలా. ఐర్లాండ్ చీమకు షరతు లోపల ఒకే పని, లేదా ఇంకో షరతు. అంటే రెండు చీమలూ వెతుకుతున్నది ఒకే అడవిలో కాదు. ఒకరిది పెద్ద అడవి, ఒకరిది అందులోంచి కంచె వేసుకున్న తోట. 2006 ప్రాంతంలో ఫ్రాన్స్‌కు చెందిన రొబియార్ బృందం ఈ సంగతి పట్టుకుంది. తర్వాత జార్జియూ, టీహాన్ కూడా పరీక్షించారు. కోజా అడవికి సరితూగే వ్యాకరణం ఇచ్చి పరిగెత్తిస్తే ఐర్లాండ్ పద్ధతి ఆధిక్యం నిలవలేదు.

ఎవరూ మోసం చేయలేదు, అది గుర్తుపెట్టుకోండి. వ్యాకరణం పేపర్లో అచ్చయి కళ్లముందే ఉంది. చదివినవాళ్లందరూ దాన్ని సింటాక్స్ కాగితంలా చూశారు, సెమీకోలన్ ఎక్కడ పెట్టాలో చెప్పేదిలా. కంచె అందులోనే ఉందని ఎవరికీ తట్టలేదు. అందుకే మీరు ఏ పేపర్ చదివినా, యంత్రం అద్భుతమైన ప్రోగ్రాము కనిపెట్టిందని రాస్తే, గ్రాఫుల పేజీ వదిలేసి ముందు వ్యాకరణం ఉన్న పేజీకి వెళ్లండి. జవాబులో ఎంత వాటా అక్కడ మనిషి చేత్తో రాసి పెట్టాడో చూడండి. నేను పేపర్లు అలాగే చదువుతాను. కొన్నిసార్లు మూడొంతుల జవాబు అక్కడే దొరుకుతుంది.

కంచె వేయడం తప్పని కాదు నా ఉద్దేశం. తెలిసి వేస్తే అదే గొప్ప బలం. ఫ్రాన్స్‌లోనే రాటిల్, సెబాగ్ అనే ఇద్దరు 2000లో భౌతికశాస్త్ర సూత్రాలు వెతకడానికి ఇలాంటి కంచె వేశారు. మీటర్లను సెకన్లతో కూడే సమాసం వాళ్ల వ్యాకరణంలో పుట్టనే పుట్టదు. కిలో బియ్యానికి అరగంట కలిపితే ఎంత అని అడగకుండా ముందే నోరు కట్టేశారన్నమాట. మాడ్రిడ్ కంప్లుటెన్సే విశ్వవిద్యాలయంలో ఇడాల్గో బృందం షుగర్ రోగుల రక్తంలో గ్లూకోజ్ ఎలా మారుతుందో సూత్రాలు పెంచింది. తిన్న పిండిపదార్థం, తీసుకున్న ఇన్సులిన్, ఇంతకుముందు గ్లూకోజ్ ఎంత, వీటిని ఎలా కలపొచ్చో వ్యాకరణం చెప్తుంది. చివరికి వచ్చేది ఒక సూత్రం. డాక్టరు దాన్ని కాగితం మీద చదివి, ఇందులో ఇన్సులిన్ గుర్తు తిరగబడిందేంటి అని అడగగలడు. న్యూరల్ నెట్‌వర్క్‌ను అలా అడగలేం.

ఇక మార్కుల సంగతి ఒక్క మాటలో. వ్యాకరణం ఛందస్సు చూస్తుంది, అర్థం చూడదు. గణాలు కుదిరినా పిచ్చి పద్యం రావచ్చు. అర్థం చూసే పని మార్కులది, ఫిట్‌నెస్‌ది. అక్కడ సందు దొరికితే పరిణామం ఆ సందులోంచే దూరుతుంది. బగ్గులు తనంతట తానే సరిచేసే జెన్‌ప్రోగ్ అనే ప్రోగ్రాము ఉంది, వైమర్, ఫారెస్ట్ వాళ్లది. దానికొక సార్టింగ్ ప్రోగ్రామును సరిచెయ్యమని ఇచ్చారు. వచ్చిన జాబితా వరసలో ఉందా లేదా అని మాత్రమే పరీక్ష. అది ఎప్పుడూ ఖాళీ జాబితా ఇచ్చే ప్రోగ్రామును తయారుచేసింది. ఖాళీ జాబితా వరసలో లేదని ఎవరనగలరు? పిల్లాడికి నీ గదిలో సామాను నేల మీద ఉండకూడదంటే మొత్తం కిటికీలోంచి పడేసినట్టు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, మీరు ఆటవెలది వ్యాకరణంలో గణాలే పెట్టారు, యతి పెట్టలేదు. అది పెట్టొచ్చా?

కూర్చో బాబూ, మంచి ప్రశ్న. యతి అంటే మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉన్న చుట్టరికం. మధ్యలో మూడు గణాల దూరం. మనం రాసిన వ్యాకరణంలో అంత దూరంలో ఏముందో గుర్తుపెట్టుకునే ఏర్పాటు లేదు. అయినా మోటుగా చెయ్యొచ్చు. ప-వర్గంతో మొదలయ్యే పాదం, త-వర్గంతో మొదలయ్యే పాదం అని ప్రతి యతికీ ఒక్కో నియమం రాసుకుంటూ పోవాలి, అచ్చుల పొత్తు కూడా చూసుకోవాలి. వ్యాకరణం పది లైన్ల నుంచి కొన్ని వందల లైన్లవుతుంది, కానీ అవుతుంది. "సీత వచ్చాడు" రాకుండా ఆపడమూ ఇలాంటిదే. వేరియబుల్‌ను వాడేముందు డిక్లేర్ చెయ్యాలన్న నియమం మాత్రం ఎన్ని లైన్లు రాసినా పట్టదు, పేర్లకు అంతులేదు కాబట్టి. దానికి కనూత్ 1968లో చెప్పిన ఆట్రిబ్యూట్ గ్రామర్ లాంటిది కావాలి, ప్రతి పేరుకూ ఒక చీటీ కట్టి పంపడం. దాన్ని కూడా పరిణామానికి జోడించినవాళ్లున్నారు. నెమ్మదిగా నడుస్తుంది.

ప్రశ్న: ఇప్పుడు చాట్‌బాట్‌లే కోడ్ రాస్తున్నాయి కదా సార్, ఇదంతా ఇంకా అవసరమా?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, వచ్చేటప్పుడు కారులో ప్రాక్టీస్ కూడా చేశాను. (నవ్వులు) రెండు సంగతులు. ఒకటి, భాషా మోడళ్లను సొంత కంప్యూటర్లో నడిపే లామా-సీపీపీ వాడినవాళ్లున్నారా ఇక్కడ? మోడల్ కచ్చితంగా జేసన్ అనే డేటా రూపంలో మాత్రమే జవాబు ఇవ్వాలంటే దానికి ఒక గ్రామర్ ఫైలు ఇస్తాం. బీఎన్ఎఫ్ తమ్ముడే అది. వ్యాకరణం ఒప్పుకోని మాటను మోడల్ పలకనే లేదు. అంకెల చోట మోడల్ కూర్చుంది, వ్యాకరణం కుర్చీ వ్యాకరణానిదే. రెండోది, 2023 డిసెంబరులో గూగుల్ డీప్‌మైండ్ వాళ్లు ఫన్‌సెర్చ్ అని ప్రకటించారు. అందులో మ్యుటేషన్ చేసేది ఎల్ఎల్ఎమ్, అంటే చాట్‌బాట్‌ల వెనకుండే భాషా మోడల్. క్యాప్ సెట్ అనే గణిత సమస్య ఉంది, ఏ మూడూ ఒకే గీత మీద పడకుండా ఎన్ని బిందువులు ఏరొచ్చో చెప్పాలి. అందులో ఎనిమిది కొలతల దగ్గర అంతకుముందు 496 దాకానే తెలుసు, అది 512 చూపించింది. నిజంగా గొప్ప పని. కానీ నేను ముందుగా వెళ్లిందేమో ఏ పేజీకి? ప్రోగ్రాము అస్థిపంజరం మనుషులే రాసిచ్చారు, ఏ బిందువును ముందు ఏరాలో చెప్పే ఒక్క ఫంక్షన్‌నే యంత్రానికి వదిలారు. మళ్లీ తోట, మళ్లీ కంచె. అక్కడ కంచె బ్రహ్మాండంగా వేశారు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు డబ్లిన్ వాళ్ల పోనీజీఈ2 ఉంది, పైథాన్‌లో ఉంటుంది, ఉచితం. ముందు నా ఆరు దారుల సమాసం పెట్టి, మొదటి తరం అంకెల్ని ఊరికే అడ్డదిడ్డంగా పుట్టించి చూడండి, సగం చచ్చిపోతాయా లేదా అని. ఇంకెవరమ్మా, చివర్లో చెయ్యెత్తింది?

ప్రశ్న: ప్రశ్న కాదు సార్, మీ పద్యానికి రెండో పాదం. "నమ్మ కసరి చూడ నలిగి పోయె."

ఏదీ, మళ్లీ చెప్పమ్మా. "పాలు పెరుగు వెన్న పంచదారలడుగు, నమ్మ కసరి చూడ నలిగి పోయె." అడుగున్, అమ్మ, చూడన్, అలిగి. సంధులు కూడా చేసేశావు! నమ్మ గలం, కసరి న, చూడ గలం, నలిగి న, పోయె గలం. అయిదూ సూర్యగణాలే. న-న యతి. పిల్లాడు అలిగాడు కూడా. కోడాన్లలో అయితే బేసి, సరి, బేసి, సరి, బేసి. మిగిలిన రెండు పాదాలూ టీ దగ్గర చూద్దాం, పదండి.